ది వీవర్స్ పాడిన పాట ఎవరిది? అమెరికా సంగీత పరిశ్రమ నుంచి మన 'ఫోక్' దాకా

(సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూరత్‌లో తెలుగు పిల్లల ముందు నిలబడి అమెరికా పాటల చరిత్ర చెప్పడం ఏమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నిర్వాహకులు నాకిచ్చిన విషయం 'అమెరికన్ పాపులర్ మ్యూజిక్, మారుతున్న పరిశ్రమ'. చాలా పెద్ద విషయం. ఎల్విస్ నుంచి టేలర్ స్విఫ్ట్ దాకా పేర్లు చదువుకుంటూ పోతే గంట ఇట్టే గడిచిపోతుంది, మీ చేతికి మాత్రం ఏమీ రాదు. ఆ పేర్లు నాకంటే మీకే బాగా తెలుసు. అందుకే ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. పాట కట్టిన మనిషి ఒకరు, ఆ పాట మీద హక్కుదారు ఇంకొకరు ఎట్లా అవుతారు?

ఈ ప్రశ్న అర్థం కావడానికి మీరు అమెరికా దాకా పోనక్కర్లేదు. లింబాయత్, ఉధనా, డిండోలీలో ఉన్న మన కుటుంబాల్లో చాలామంది తెలంగాణ నుంచి సాంచాల పనికి వచ్చినవాళ్లే. సాంచ మీద గుడ్డ దిగుతుంది, కూలి మీటరు లెక్కన వస్తుంది. ఆ గ్రే గుడ్డ పాండేసరా మిల్లులకు పోయి, రంగు, ప్రింటు వేయించుకుని, రింగ్ రోడ్ మార్కెట్లో చీరై కూర్చుంటుంది. దాని మీద ఎవరిదో బ్రాండు ఉంటుంది గానీ నేసినవాడి పేరు ఉండదు. దాన్ని దొంగతనం అని ఎవరూ అనరు. కూలి ఇచ్చేశారు కదా! అమెరికా సంగీత పరిశ్రమ నల్లజాతి పాటగాళ్లతో దశాబ్దాలపాటు ఇదే లెక్క నడిపింది. కాకపోతే గుడ్డ ఒక్కసారే అమ్ముడుపోతుంది, పాట మాత్రం అమ్ముడుపోతూనే ఉంటుంది.

కథ పాట దగ్గర కాదు, అక్షరం దగ్గర మొదలవుతుంది. 1740లో సౌత్ కరోలినా వలసలో ఒక చట్టం వచ్చింది. బానిసకు రాయడం నేర్పితే జరిమానా. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు జరిగాక దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలు ఇంకా బిగుసుకున్నాయి. అక్షరాన్ని కాపలా పెట్టి కాపాడుకునే సమాజం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ తగలబెట్టించిన పుస్తకం ఎందుకు తగలబడిందో ఇక్కడున్న అందరికీ తెలుసు. చదువు రానివాడు పాట కట్టలేడని కాదు. పత్తి చేలల్లో, చర్చీల్లో, రైలు పట్టాలు వేసే చోట వాళ్లు కట్టిన పాటలే తర్వాత ప్రపంచమంతా పాడుకుంది. వాళ్లకు కుదరనిది ఒకటే, ఆ పాటను కాగితం మీద పెట్టడం.

ఇదే సమయంలో ఉత్తరాది నగరాల్లో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని, నల్లవాళ్ల నడకను, మాటను వెక్కిరిస్తూ ఆడిపాడే మిన్‌స్ట్రెల్ షోలు మొదలుపెట్టారు. 1830ల నుంచి అర్ధ శతాబ్దం పైగా అమెరికాలో అన్నింటికన్నా జనాదరణ పొందిన వినోదం అదే. పాటను తీసుకుంటారు, మనిషిని మాత్రం నవ్వుల పాలు చేస్తారు. మన సినిమాల్లో డప్పు మోత ఎవరి ఇంట్లో మోగుతుంది, ఏ పాత్ర తాగి ఊగేటప్పుడు మోగుతుంది అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి.

1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, చాలామంది నిన్నటిదాకా బానిసలుగా ఉన్నవాళ్లు, కళాశాల మూతపడకుండా డబ్బు కూడబెట్టడానికి ఊరూరా తిరిగి తమ తాతల పాటలు పాడారు. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ ఉంది. డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్ చదివింది ఆ విశ్వవిద్యాలయంలోనే. 1903లో వచ్చిన 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' పుస్తకం చివరి అధ్యాయం ఆ పాటల మీదే. 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాసింది ఈ డుబోయ్‌కే.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. నాకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. మీలో లా చదివేవాళ్లు ఉంటే కాస్త చెవి పెట్టండి.

1908లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. పియానో దానంతట అదే వాయించడానికి చిల్లులు పొడిచిన కాగితపు చుట్టలు అమ్మేవాళ్లు. ఆ చుట్ట పాటకు 'కాపీ' అవుతుందా? కాదంది కోర్టు. మనిషి కంటితో చదవగలిగేదే కాపీ, చెవికి వినిపించేది కాదు. మరుసటి ఏడాది, 1909లో, కొత్త కాపీరైట్ చట్టం వచ్చింది. రికార్డుకు ఒక్కో పాటకు 2 సెంట్లు ఇవ్వాలన్నారు. ఎవరికి? స్వరలిపిలో రాసి నమోదు చేసుకున్నవాడికి. 1978లో మరో చట్టం అమల్లోకి వచ్చేదాకా పాట నమోదు చేయాలంటే వాషింగ్టన్‌లో నొటేషన్ కాగితం దాఖలు చేయాలి. రికార్డు ఇస్తే చాలదు. ఇక గొంతు ఉన్న రికార్డింగు సంగతికొస్తే, 1972 ఫిబ్రవరి 15 దాకా దానికి ఫెడరల్ కాపీరైటే లేదు.

అంటే లెక్క ఎట్లా తేలింది? గొంతుకు హక్కు లేదు, దరువుకు హక్కు లేదు. కాగితం మీద సరిగమలు రాసినవాడికి హక్కు ఉంది. తరతరాలుగా అక్షరం దక్కకుండా చేసిన జనం తయారుచేసిన సంగీతానికి, అక్షరమే ఆస్తి పత్రం అనే చట్టం వచ్చింది. ఆ చట్టంలో జాతి అనే మాట ఎక్కడా లేదు. అవసరం కూడా లేదు.

ఒక తేదీ మీకు నచ్చుతుందని చెబుతున్నా. పాటల ప్రచురణకర్తలు, రచయితలు కలిసి రాయల్టీ వసూలు చేసుకోవడానికి ఆస్కాప్ అనే సంఘాన్ని పెట్టుకున్నది 1914 ఫిబ్రవరిలో, న్యూయార్క్‌లో. అప్పుడు బాబాసాహెబ్ అదే ఊళ్లో కొలంబియాలో విద్యార్థి. ఆ ఏడాదే మెంఫిస్‌లో డబ్ల్యూ.సి. హ్యాండీ అనే నల్లజాతి సంగీతకారుడు 'సెయింట్ లూయిస్ బ్లూస్' పాటను తన సొంత కంపెనీ ద్వారా ప్రచురించాడు. అంతకు రెండేళ్ల ముందు ఆయన 'మెంఫిస్ బ్లూస్' హక్కులు చిల్లరకు అమ్మేశాడు. పాట ఊరంతా మోగింది, డబ్బు కొన్నవాడికి పోయింది. దాంతో తానే ప్రచురణకర్త అయ్యాడు. ఆయన చదువుకున్నవాడు, నొటేషన్ వచ్చినవాడు కాబట్టి అది సాధ్యమైంది.

నొటేషన్ రానివాళ్ల సంగతి చూడండి. 1920లలో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగ్ కంపెనీ మనిషి ఉండేవాడు. విక్టర్ కంపెనీలో ఏడాదికి ఒక్క డాలరు జీతానికి ఒప్పుకున్నాడు. బదులుగా పాటల ప్రచురణ హక్కులు తన చేతిలో ఉంచుకున్నాడు. ఎంత తెలివైన బేరమో చూడండి. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్లో ఆయన రికార్డు చేసిన కార్టర్ కుటుంబం తర్వాత అమెరికా కంట్రీ సంగీతానికి మూలపురుషులైంది. ఎ.పి. కార్టర్ కొండ ఊళ్లు తిరిగి పాటలు ఏరుకొచ్చేవాడు. వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు ఉండేవాడు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోయిన మనిషి. కార్టర్ మాటలు రాసుకునేవాడు, రిడిల్ బాణీని గుర్తుపెట్టుకునేవాడు. అప్పటికి టేప్ రికార్డర్ లేదు మరి, రిడిలే టేప్ రికార్డర్. కాపీరైట్ కాగితం మీద మాత్రం కార్టర్ పేరు.

చట్టం ఒక గోడ అయితే, పరిశ్రమ కట్టిన రెండో గోడ పేర్లు పెట్టడం. 1920 ఆగస్టులో మామీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' రికార్డు నల్లవాడల్లో విపరీతంగా అమ్ముడైంది. అప్పటిదాకా వీళ్లు రికార్డులు కొంటారని కంపెనీలకు తోచలేదు. తోచాక వేరే జాబితా తెరిచారు, 'రేస్ రికార్డ్స్' అని. పేద తెల్లవాళ్ల పాటలకు 'హిల్‌బిల్లీ' అన్నారు. నిజానికి ఆ రెండు జాబితాల వాళ్లూ ఒకరి దగ్గర ఒకరు పాటలు నేర్చుకున్నవాళ్లే, కార్టర్, రిడిల్ లాగా. పాటలు కలిసే ఉన్నా కేటలాగు విడదీసింది. బిల్‌బోర్డ్ పత్రిక 1942లో 'హార్లెం హిట్ పరేడ్' అని పెట్టి, 1945లో 'రేస్ రికార్డ్స్' అని మార్చి, 1949లో 'రిథమ్ అండ్ బ్లూస్' అంది. 1969లో 'సోల్', 1982లో 'బ్లాక్', 1990లో మళ్లీ ఆర్ అండ్ బి. పంచమ, డిప్రెస్డ్ క్లాసెస్, హరిజన్ అంటూ మారుతూ వచ్చిన పేర్లు మీకు గుర్తొస్తే అది నా తప్పు కాదు. పేరు మర్యాదగా మారుతుంది, వాడ మాత్రం ఊరి బయటే ఉంటుంది.

ఈ గోడ వెనక సొంత పరిశ్రమ కట్టుకోవాలన్న ప్రయత్నమూ జరిగింది. హ్యాండీ భాగస్వామి హ్యారీ పేస్ 1921లో బ్లాక్ స్వాన్ రికార్డ్స్ పెట్టాడు. డుబోయ్ దాని డైరెక్టర్లలో ఒకడు. ఎథెల్ వాటర్స్ రికార్డులు బాగా అమ్ముడయ్యాయి. అయినా రెండేళ్లకే దివాలా. రేడియో రావడం ఒక కారణం, తెల్ల కంపెనీల పోటీ ఇంకో కారణం. నన్నడిగితే దాని పాటల ఎంపికలో కాస్త పెద్దమనిషి తరహా కూడా ఉంది. బ్లూస్ కన్నా ఒపెరా గౌరవప్రదం అనుకునే ధోరణి. మనలో కూడా చదువుకున్నాక డప్పు పాటను చూసి ఇబ్బంది పడే తరం ఒకటి ఉంది. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

రెండో గోడ వల్ల డబ్బు ఎట్లా చేతులు మారిందో ఒక కేసు చెబుతాను. 1948లో పౌలా వాట్సన్ అనే నల్లజాతి గాయని 'ఎ లిటిల్ బర్డ్ టోల్డ్ మి' పాడింది. రికార్డు చేసింది సుప్రీం అనే చిన్న కంపెనీ. డెక్కా అనే పెద్ద కంపెనీ ఎవెలిన్ నైట్ అనే తెల్ల గాయనితో అదే పాట, అదే తీరులో పాడించింది. అదే పెద్ద హిట్ అయింది. సుప్రీం కంపెనీ కోర్టుకెళ్లింది. పాట రాసినవాడి హక్కు వేరు, పాడిన తీరుకు, వాయిద్యాల అమరికకు ఆస్తి హక్కు లేదని 1950లో కోర్టు తేల్చింది. ఆ తర్వాత తలుపులు బార్లా తెరుచుకున్నాయి. లావర్న్ బేకర్ పాడిన పాటను జార్జియా గిబ్స్ ఉన్నదున్నట్టు పాడి చార్టు ఎక్కితే, 1955లో బేకర్ తన పార్లమెంటు సభ్యుడు చార్ల్స్ డిగ్స్‌కు ఉత్తరం రాసింది, నా పాడే తీరుకు రక్షణ ఇవ్వండి అని. ఆ రక్షణ రాలేదు. ఇప్పటికీ అమెరికాలో మామూలు ఎఫ్.ఎం. రేడియోలో పాట వేస్తే రాసినవాడికి డబ్బు వస్తుంది, పాడినవాడికి పైసా రాదు. చాలామందికి నమ్మశక్యం కాదు గానీ చట్టం అదే.

ఇప్పుడు అసలు నేను చెప్పాలని వచ్చిన కథ. నేతగాళ్ల ఊళ్లో చెప్పాల్సిన కథ.

1948లో న్యూయార్క్‌లో నలుగురు వామపక్ష గాయకులు ఒక బృందం పెట్టుకున్నారు. పేరు 'ది వీవర్స్'. అవును, నేతగాళ్లు. 1844లో జర్మనీలోని సైలీషియాలో చేనేత కార్మికులు తిరగబడ్డారు. దాని మీద గెర్హార్ట్ హాప్ట్‌మన్ 1892లో నాటకం రాశాడు. ఆ నాటకం పేరే బృందానికి పెట్టుకున్నారు. మంచివాళ్లు. యూనియన్ల కోసం, నల్లవాళ్ల హక్కుల కోసం పాడినవాళ్లు. మెకార్తీ కాలంలో బ్లాక్‌లిస్టు దెబ్బ తిన్నవాళ్లు. పీట్ సీగర్ అందులోనివాడే. వాళ్లను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. కానీ వాళ్ల రెండు పెద్ద హిట్ల కథ వినండి.

మొదటిది 'గుడ్‌నైట్, ఐరీన్'. ఆ పాట లెడ్‌బెల్లీది. లూసియానా జైల్లో ఉన్నప్పుడు జానపద సేకర్త జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ ఆయన పాటలు రికార్డు చేశారు. ఐరీన్ పాట కాపీరైట్‌లో లెడ్‌బెల్లీ పక్కన జాన్ లోమాక్స్ పేరూ చేరింది. సేకరించినవాడు కూడా కట్టినవాడే అయిపోయాడు. లెడ్‌బెల్లీ 1949 డిసెంబర్ 6న చనిపోయాడు. తేదీ గమనించారు కదా. ఏడాది తిరగకముందే, 1950 వేసవిలో, వీవర్స్ పాడిన ఐరీన్ దేశమంతటా మొదటి స్థానంలో నిలిచింది. ఆయన చూడలేదు.

రెండోది ఇంకా బరువైంది. దక్షిణాఫ్రికాలో సోలమన్ లిండా అనే జులు గాయకుడు ఉండేవాడు. జొహానెస్‌బర్గ్‌లో గాలో కంపెనీ రికార్డుల గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేసేవాడు. 1939లో అదే కంపెనీ స్టూడియోలో తన బృందంతో 'మ్బూబే' అనే పాట పాడాడు. జులు భాషలో సింహం అని అర్థం. హక్కులు కంపెనీకి పోయాయి, ఆయనకు ముట్టింది పది షిల్లింగులు. పదేళ్ల తర్వాత ఆ రికార్డు అలన్ లోమాక్స్ ద్వారా సీగర్ చేతికొచ్చింది. ఆఫ్రికా నుంచి వచ్చింది కాబట్టి జానపదం అయి ఉంటుందనుకున్నారు. 'ఉయిమ్‌బూబే' అనే పల్లవిని సీగర్ 'విమోవే' అని విని, ఆ పేరుతోనే వీవర్స్ పాడారు. రచయితగా 'పాల్ క్యాంప్‌బెల్' అని రాశారు. అలాంటి మనిషే లేడు. బృందం, ప్రచురణకర్త వాటా పంచుకోవడానికి సృష్టించుకున్న దొంగ పేరు అది. 1961లో ఆ బాణీకి ఇంగ్లిష్ మాటలు చేర్చి టోకెన్స్ అనే బృందం 'ది లయన్ స్లీప్స్ టునైట్' పాడింది. అమెరికాలో నంబర్ వన్. రచయితలుగా కొత్తగా ముగ్గురి పేర్లు వచ్చాయి. మరుసటి ఏడాది, 1962లో, లిండా పేదరికంలో చనిపోయాడు. 1994లో డిస్నీ 'లయన్ కింగ్' సినిమాలో కూడా ఆ పాట మోగింది.

సీగర్ విషయం తెలిశాక లిండాకు వెయ్యి డాలర్లు పంపించాడు. రాయల్టీ ఆయనకే పోవాలని చెప్పాడు కూడా. పోలేదు. 2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా పాత్రికేయుడు ఈ చరిత్రంతా తవ్వి రాశాక, 2004లో లిండా కూతుళ్ల తరఫున డిస్నీ మీద కేసు వేశారు. ఆధారం ఏమిటో తెలుసా? 1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్య కాపీరైట్ చట్టం. హక్కు ఎవరికి అమ్మినా, రచయిత చనిపోయిన 25 ఏళ్లకు అది వారసులకు తిరిగి రావాలని అందులో ఉంది. ఎవరూ పట్టించుకోని ఆ పాత సెక్షన్‌ను లాయర్లు వెతికి పట్టుకున్నారు. 2006లో రాజీ కుదిరింది, లిండా పేరు పాట మీదికి వచ్చింది. 1911 చట్టమే 1914లో మార్పులతో మన దేశంలోకీ వచ్చింది. చట్టం చదవడం వల్ల లాభం లేదనేవాళ్లకు ఈ కేసు చెబుతుంటాను.

వీవర్స్ దొంగలు కారు. సమస్య 'ఫోక్' అనే మాటలో ఉంది. ఫోక్ అన్న మరుక్షణం కట్టినవాడు మాయమైపోతాడు. అది 'ప్రజల'ది అయిపోతుంది. ప్రజలది అయ్యాక మొదట కాగితం రాసినవాడిది అవుతుంది. ప్రజల పాట అని మన ఉద్యమాల్లోనూ ఎంతో ప్రేమగా పాడుకున్నాం. ఆ ప్రజల్లో ఏ వాడ నుంచి, ఏ ఇంటి నుంచి ఆ బాణీ వచ్చిందని అడిగితే మాత్రం, 'కులం ఎందుకు తెస్తావు తమ్మీ' అన్నారు.

సొంత కంపెనీ ఉంటే ఇదంతా తీరిపోతుందా? మోటౌన్ చూడండి. డెట్రాయిట్‌లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేసిన బెర్రీ గోర్డీ 1959లో కుటుంబ నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టిన కంపెనీ. పాట కూడా లైన్ మీద కారులాగే తయారు కావాలన్నాడు. నల్లవాడి కంపెనీ, నల్ల గాయకులు, తెల్ల ఇళ్లలో కూడా అమ్ముడైన పాటలు. గొప్ప విజయం, సందేహం లేదు. 1988లో కంపెనీని 6 కోట్ల 10 లక్షల డాలర్లకు అమ్మాడు, పాటల ప్రచురణ హక్కులున్న జోబెటేను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. 1997లో అందులో సగం వాటా అమ్మితే 13 కోట్ల 20 లక్షలు వచ్చాయి. కంపెనీ మొత్తానికి వచ్చినదానికి రెట్టింపు, సగం కాగితాలకే. కానీ ఆ పాటలన్నిటికీ వాయించిన ఫంక్ బ్రదర్స్ అనే వాద్యకారుల పేర్లు 1971 దాకా ఏ ఆల్బం అట్ట మీదా కనిపించలేదు. ఎన్నో హిట్లు రాసిన హాలండ్, డోజియర్, హాలండ్ వాటా దగ్గర తగాదా పడి బయటికొచ్చేశారు. సేటు మనవాడైనంత మాత్రాన మీటరు కూలి మారదు. ఇది సూరత్‌లో నేను మీకు చెప్పాల్సిన పనిలేదు.

దరువు సంగతి చెప్పి అమెరికా ముగిస్తాను. జేమ్స్ బ్రౌన్ దగ్గర డ్రమ్స్ వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 'ఫంకీ డ్రమ్మర్' అనే పాటలో కొన్ని సెకన్ల దరువు వేశాడు. 1970లో వచ్చిన రికార్డు. ఆ దరువును తర్వాత హిప్‌హాప్ వాళ్లు వెయ్యికి పైగా పాటల్లో వాడారు. మీరు ర్యాప్ వింటారంటే ఆయన చేతి దెబ్బ వినే ఉంటారు. రాయల్టీ ఆయనకు రాలేదు. ఎందుకంటే దరువు 'రచన' కాదు. 2015లో మార్విన్ గే కుటుంబం 'బ్లర్డ్ లైన్స్' పాట మీద కేసు గెలిచింది కదా, ఆ విచారణలోనూ గే పాడిన 1977 నాటి రికార్డింగు ఉన్నదున్నట్టు జ్యూరీకి వినిపించనివ్వలేదు. అప్పటి చట్టం ప్రకారం దాఖలైన నొటేషన్ కాగితమే పాట. 1908లో ఒక పియానో చుట్ట మీద వచ్చిన తీర్పు నీడ అంత దూరం పడింది.

మన దగ్గరికి వద్దాం. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 'సంగీత రచన' నిర్వచనం ఏమిటో చూడండి. రాసినది, అచ్చయినది, లిపిలో పెట్టినది మాత్రమే. 1994 సవరణతోగానీ ఆ షరతు పోలేదు. అంటే డప్పు, కిన్నెర, ఒగ్గు డోలు వాయించేవాళ్లు చట్టం దృష్టిలో మొన్నమొన్నటి దాకా సంగీతమే చేయలేదన్నమాట. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాటకు నిర్మాతే మొదటి యజమాని అంది. 2012 సవరణ వచ్చాక రచయితకు, సంగీతకర్తకు రాయల్టీలో సమాన వాటా వచ్చింది. ఆ వాటాను కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. మంచి సవరణ. కానీ దానికి ఒక పేరున్న కర్త కావాలి. 'సాంప్రదాయం', 'జానపదం' అని వేసిన చోట డబ్బు ఇవ్వాల్సిన మనిషే ఉండడు.

2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు తగాదా గుర్తుందా? ఆ పాటను ముందే టీవీ కార్యక్రమంలో పాడిన కోమలి తనకు గుర్తింపు కావాలని అడిగింది. తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానంది. సినిమాకు రాసిన సుద్దాల అశోక్ తేజ తన వాదన చెప్పారు. చివరికి సర్దుకున్నారు. నేను ఎవరి పక్షమూ తీసుకోవడం లేదు. వారాలపాటు సాగిన చర్చలో ఆ పాట మొదట కట్టిన ఆడమనిషి ఎవరన్నది చర్చకే రాలేదు, అది చూసి చెబుతున్నా. అదే ఏడాది తమిళంలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. తేయాకు తోటల్లో కూలి చేసిన అవ్వ వల్లియమ్మాళ్ జ్ఞాపకంలోంచి అరివు తెచ్చిన పాట. రోలింగ్ స్టోన్ ఇండియా అట్ట మీద మిగతా కళాకారులు కనిపించారు, అరివు కనిపించలేదు. పా. రంజిత్ గట్టిగా అడిగాడు. 2022లో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట అరివు లేకుండానే వినిపించింది. ఎవరి వాటా ఎంత అని అరివు, సంతోష్ నారాయణన్ బహిరంగంగా వాదించుకున్నారు. 2024లో సంతోష్ నారాయణనే, ఆ పాట మీద మా ఎవరికీ డబ్బు రాలేదని చెప్పాడు. ఇద్దరి వాదనా పక్కన ఉండిపోయింది, పైసలు ఇంకెక్కడో ఆగాయి.

దర్శనం మొగులయ్య గారి సంగతి ఇంకా దగ్గరిది. డక్కలి కులం, పన్నెండు మెట్ల కిన్నెర. మాదిగలకే ఆశ్రితులైన కులం అది, అంటే అంటరానితనంలోనూ అట్టడుగు మెట్టు. 2021లో 'భీమ్లా నాయక్' పాట ఆయన గొంతుతో మొదలైంది, కోట్ల మంది విన్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కట్టడం పనిలో రోజు కూలీగా కనిపించాడు. ఈ చివరి మాట చదివినప్పుడు నాకు రూత్ బ్రౌన్ గుర్తొచ్చింది. అట్లాంటిక్ రికార్డ్స్‌ను 'రూత్ కట్టిన ఇల్లు' అనేవాళ్లు. అన్ని హిట్లు ఇచ్చిందామె. తర్వాత ఇళ్లల్లో పనిమనిషిగా, బస్సు డ్రైవరుగా బతికింది. కంపెనీ లెక్కల్లో ఆమే వాళ్లకు బాకీ. ఆమె ఊరుకోలేదు, లాయరును పెట్టుకుని ఏళ్ల తరబడి పోరాడింది. 1988లో కంపెనీ పాత బాకీలు రద్దు చేసి, 15 లక్షల డాలర్లతో రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్‌కు ఊపిరి పోయాల్సి వచ్చింది. పాత కళాకారులు మరికొందరికి కూడా దానివల్ల సాయం అందింది. మొగులయ్య గారికి మనం ఇచ్చినవి శాలువాలు, వార్తలు. ఒక లాయరును ఇచ్చామా?

ఇక యూట్యూబ్, స్పాటిఫై. 1999లో నాప్‌స్టర్ వచ్చి రికార్డు కంపెనీలను గజగజలాడించింది, 2003లో ఐట్యూన్స్ దుకాణం, 2008లో స్వీడన్‌లో స్పాటిఫై, 2019లో అది ఇండియాకు. కంపెనీలు చచ్చిపోతాయన్నారు. చావలేదు. యూనివర్సల్, సోనీ, వార్నర్ మూడూ స్పాటిఫైలోనే వాటాలు తీసుకున్నాయి. గేటు మారినా గేటుకాడి మనిషి మారలేదు. టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బంలను మళ్లీ పాడి కంపెనీని దెబ్బ కొట్టగలిగిందంటే, పాటలు రాసిన హక్కు ఆమె చేతిలో ఉండబట్టే. మీలో కొందరు తెలంగాణ ఫోక్ చానెళ్లకు పాడుతున్నారని విన్నాను. ఒకసారి డబ్బు ఇచ్చి, సంతకం పెట్టించుకుని, పాట చానెల్‌దే అనే పద్ధతి అక్కడ మామూలు. ఆ కాగితంలో రచయిత, బాణీ, గాయకుడు అని మూడు పేర్లు విడివిడిగా రాయించండి. 'జానపదం' అని రాస్తామంటే, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు, ఆ ఊరు పక్కన రాయమనండి. పంచమి పండగకో పెళ్లికో పాడే పాట అందరిదీ కాదా, పేరు పెడితే దానికీ కంచె వేసినట్టు కాదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. పాడుకోవడానికి కంచె వద్దు. అమ్ముకునే చోట మాత్రం పేరు కావాలి. చైత్యభూమి దగ్గర డిసెంబర్ 6న, నాగపూర్ దీక్షాభూమి దగ్గర భీమ్ గీతాల క్యాసెట్లు, సీడీలు దశాబ్దాలుగా అమ్ముడవుతున్నాయి. వామన్‌దాదా కర్డక్ పాటలు లక్షల మంది పాడుకుంటారు. అయినా అవి వామన్‌దాదావని అందరికీ తెలుసు. పాట చివరి చరణంలో కవి తన పేరు వేసుకునే అలవాటు సంతుల కాలం నుంచీ ఉన్నదే. స్వరలిపి రానివాళ్లు తమ పాట తమదని చెప్పుకోవడానికి కనిపెట్టిన కాపీరైట్ అది.

ఒక పని చెప్పి కూర్చుంటాను. ఇక్కడ మునిసిపల్ బడుల్లో తెలుగు మాధ్యమం ఉన్నా, మీలో సగం మంది తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు. పరవాలేదు, ఇప్పుడు చట్టం కాగితమే కావాలనడం లేదు. వచ్చే బతుకమ్మకు లింబాయత్‌లో పాడే అమ్మమ్మలు, నాయనమ్మల పాటలు ఫోన్లో రికార్డు చేయండి. పాట మొదలుపెట్టే ముందు, నీ పేరేంటి అమ్మమ్మా, ఏ ఊరు, ఏ వాడ, ఈ పాట ఎవరు నేర్పిన్రు అని అడగండి. ఆమె చెప్పే జవాబు కూడా అదే ఫైల్లో ఉండాలి, కత్తిరించకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. జై భీమ్.